నాయనకు పెద్ద అక్షరాలు

శనివారం, రాత్రి

కొన్నాళ్లుగా ఒకటే ఆలోచన. నా దగ్గరున్న డబ్బుకు, తెర మీద పుస్తకాలు చదువుకునే ఈ-రీడరు కొత్తదైతే చిన్నదే వస్తుంది, పెద్ద తెర కావాలంటే ఎవరో వాడి అమ్మింది తీసుకోవాలి. షుగరుతో నాయన చూపు బాగా తగ్గింది. పెద్దదే నయమేమో, కానీ పాతది మధ్యలో ఆగిపోతే? ఏదీ తేలక ఈరోజు ఆయన్నే కడపకు తీసుకెళ్లాను.

అంగడాయన రెండింట్లోనూ అక్షరాలు పెద్దవి చేసిచ్చాడు. నాయన బైబిల్లో కీర్తనలు పెట్టమన్నాడు. కళ్లు మసకబారేదాకా మా చర్చిలో ఆదివారం వాక్యం చదివింది ఆయనే. చిన్నదాంట్లో ఒక కీర్తన ఎక్కడా తడబడకుండా చదివాడు. పెద్దదాంట్లోనూ అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే, ఆయన బొటనవేలు తగిలి తెర మీద విషయసూచిక వచ్చి ఉంది. నాయన మాత్రం కీర్తన చదువుతూనే ఉన్నాడు. అంగడాయన నా వైపు చూసి తల దించుకున్నాడు.

"పెద్దదే తీసుకుందాం అమ్మీ. అచ్చరాలు శానా బాగా కనపడతాండాయి," అన్నాడు నాయన.

చిన్నదా పెద్దదా అని ఇన్నాళ్లూ బుర్ర బద్దలు కొట్టుకున్నది దీనికా? కాదనలేక పెద్దదే కొన్నాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, "రేపు చర్చిలో నేనే చదువుతానని పాస్టరుగారికి చెప్పు," అన్నాడు. కనపడటం లేదని ఆయనకు తెలియదా, లేక నాకు తెలియకూడదనా...

ఇందాక ఫోన్ చేసి చెప్పాను. పాస్టరుగారు చాలా సంతోషించి, రేపు చదవాల్సిన అధ్యాయం చెప్పారు. కీర్తన కాదు. నాయనకు నోటికి రానిది.