మంచం పట్టని గుమ్మం

మనుబోలు,
జూలై 1964

అన్నకు నమస్కారాలు.

మద్రాసు నుంచి నువ్వు పంపిన మనిషి నా ఆసుపత్రి గోడలకు లేతనీలం వేయించి, కిటికీలకు పూల తెరలు కట్టి వెళ్ళాడు. చూడటానికి బాగానే ఉంది. కాన్పుగది గుమ్మంలో మంచం పట్టదు, దారి మార్చమని అడిగితే, "నేను డెకరేటర్నమ్మా, అలంకరణ వరకే నా పని. గదులు మార్చాలంటే డిజైనర్ని పిలవాల" అన్నాడు. ఇద్దరూ వేరని నాకు తెలియదు. నీకూ తెలియదనుకుంటాను.

మొన్న చిన్నపోలయ్య అనే జాలరి నొప్పులు పడుతున్న భార్య కామమ్మను మంచంమీద మోయించుకొచ్చాడు. మంచం గుమ్మంలో ఇరుక్కుంది. అప్పటికే బిడ్డ తల కనిపిస్తోంది. "ఈడే దించండి, నా వల్ల గాదు" అని ఆమె ఏడ్చింది. మగవాళ్ళను అటు తిరగమని, తెర పీకి అడ్డం పట్టించి, వరండాలోనే కాన్పు చేశాను. తల్లీబిడ్డా క్షేమం.

వెళ్ళేటప్పుడు కామమ్మ తల వంచుకుని, "ఇట్టా నలుగురిలో కనాలంటే మావాళ్ళెవరూ ఇంక ఈడికి రారమ్మా" అన్నది. కోపంతో అనలేదు. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

అలంకరణ చాలు, అన్నా. నొప్పులతో వచ్చిన మనిషి ఎటునుంచి ఎటు పోవాలో చూసి గదులు కుదిర్చేవాళ్ళుంటే పంపు. దొరక్కపోతే ఆ మాటే రాయి. మేస్త్రిని పిలిచి, నాకు తోచినట్టు నేనే గోడ కొట్టిస్తాను.

నీ చెల్లెలు