అవి ఆటలమ్మ మచ్చలు కావు

పటమట,
11 జూన్ 2006.

ఆఫ్రీన్ బంగారూ,

ఎనిమిదేళ్ల తర్వాత ఇలా పిలిచే హక్కు నాకుందో లేదో తెలియదు. ఇంకెలా పిలవాలో చేతకాక ఇలాగే మొదలుపెట్టాను. నేను సింధూరిని. మైలవరం సింధూరిని. పటమట హాస్టల్లో ఏడాదిపాటు నీ పక్క మంచం మీద పడుకున్నదాన్ని. పెళ్లయ్యాక తిరిగి తిరిగి మళ్లీ పటమటకే వచ్చి పడ్డాను. నీ అడ్రసు మన హాస్టల్ రూతు ఇచ్చింది. ఫోన్ నంబరూ ఇచ్చింది గానీ, నీ గొంతు వింటే "బాగున్నావా, పిల్లలెంతమంది" అని అడిగి పెట్టేస్తానని నా సంగతి నాకు తెలుసు.

ముందు అసలు మాట చెప్పేస్తాను. లేకపోతే నాలుగు పేజీలు చుట్టూ తిరిగి దాన్ని కాస్తా మింగేస్తాను. నా చేతుల మీద ఉన్నవి ఆటలమ్మ మచ్చలు కావు. హాస్టల్లో చేరిన రోజు నువ్వే అడిగావు, "ఏంటే ఇన్ని మచ్చలు?" అని. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందే" అన్నాను. అబద్ధం. అవన్నీ నా గోళ్లతో నేను చేసుకున్నవే.

తొమ్మిదో తరగతిలో మొదలైంది. దోమ కుట్టిన చోట గోకితే పక్కు కట్టింది. చదువుకుంటూ కూచుంటే ఎడమచెయ్యి పుస్తకం పట్టుకునేది, కుడిచెయ్యి దాని దారిన అది ఎడమ ముంజేతి మీద వెతుక్కుంటూ పోయేది. ఏ చిన్న పొక్కు తగిలినా, ఏ పక్కు అంచు గోటికి తగిలినా, పీకేదాకా ప్రాణం ఊరుకునేది కాదు. పీకిన క్షణంలో తల్లో మోతంతా ఆగిపోయేది. అరనిమిషం. ఆ తర్వాత రక్తం, తుడవడానికి రఫ్ నోట్సులో కాయితం, నా మీద నాకే అసహ్యం. మా అమ్మ ఆముదం రాసింది, వేపాకు నూరి పూసింది, వేళ్లకి గుడ్డపీలికలు చుట్టింది, చివరికి అట్లకాడ తీసింది. "ఆడపిల్లవి, ఒళ్లు ఇలా పుండు చేసుకుంటే ఎట్లాగే" అని తనే ఏడ్చింది. ఆపేద్దామని రోజూ అనుకునేదాన్ని. ఒట్టు పెట్టుకుని పుస్తకం తెరిస్తే, పేజీ తిప్పేసరికి వేలికి రక్తం ఉండేది. నా చెయ్యి నా మాట వినడంలేదంటే ఎవరు నమ్ముతారు? అదే ఆటలమ్మ అన్నామనుకో, ఇంకో ప్రశ్న ఉండదు. అమ్మవారి పని, మనిషి తప్పేం లేదు. అది బాగుందనిపించింది.

ఏప్రిల్లో రూతుకి నిజంగానే పోసింది. వాళ్ల నాన్న కైకలూరు నుంచి వచ్చి తీసుకెళ్లడానికి ఐదు రోజులు పట్టింది, గుర్తుందిగా. వార్డెన్ శౌరమ్మగారు మెస్‌లో అందర్నీ నిలబెట్టి, "ఇదివరకు వచ్చిపోయినవాళ్లెవరమ్మా? వాళ్లొక్కరే ఆ గదిలోకి వెళ్లాలి, మిగతావాళ్లు గుమ్మం తొక్కటానికి వీల్లేదు" అన్నారు. ఎవరో వెనకనుంచి "సింధూరికి వచ్చిందండీ, చేతులు చూడండి" అన్నారు. ఆవిడ నా చెయ్యి తిప్పి చూసి, "ఇంకేం, నీకు భయం లేదు" అన్నారు. అప్పుడు చెప్పాల్సింది. ఎంసెట్ ఐదు వారాలుంది. కానీ అరవైమంది ఎదుట "ఇవి నేనే పీక్కున్నానండీ" అని ఏ నోటితో చెప్పను? వెళ్లాను. ఐదు రోజులు రూతుకి గంజి తాగించాను, దుప్పట్లు మార్చాను. "నీ మేలు ఈ జన్మలో మర్చిపోలేనే" అని ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పదహారో రోజు నాకూ లేచాయి. "కొందరికి రెండోసారి కూడా వస్తుందేమోలే" అని శౌరమ్మగారు మా నాన్నకి కబురు పెట్టారు. అంతకు ముందురోజే నీ మంచం మీద, నీ దుప్పటి కప్పుకుని, ఇద్దరం జువాలజీ బొమ్మలు బట్టీపట్టాం. మైలవరంలో నేను తేరుకున్నాను, పరీక్ష రాశాను. రాసి బయటికొచ్చాక తెలిసింది, నువ్వు రాయలేదని. రెండు రోజుల ముందే నీకు ఆటలమ్మ పోసిందని మీ అబ్బా కాలేజీకి ఫోన్ చేశారని. మాక్ టెస్టులన్నిట్లో నువ్వే ఫస్టు. నిన్ను డాక్టర్ ఆఫ్రీన్ అని తప్ప వేరే పిలిచేవాళ్లం కాదు. నాకు బీఫార్మసీ సీటు వచ్చింది. నువ్వు మళ్లీ రాయనే లేదు. "నా వల్లేనా?" అని నీకు ఇన్‌లాండ్ లెటర్ రాశాను. నీ జవాబు కార్డు ముక్క: "అయ్యుండొచ్చు. ఏం చేస్తాం."

అంతవరకూ ఈ పీక్కోవడం అలవాటు. అక్కణ్ణించి అది నాకు నేను వేసుకునే శిక్ష అయింది. ముంజేతుల నుంచి భుజాలకి పాకింది, భుజాల నుంచి మెడ వెనక్కి. మా ఆయన జయకృష్ణకి కూడా ఆటలమ్మ అనే చెప్పి పెళ్లి చేసుకున్నాను. మొన్న ఏప్రిల్లో భుజం చీము పట్టి జ్వరం వస్తే చర్మం డాక్టరమ్మ గాజుగుడ్డ విప్పుతూ నెమ్మదిగా అడిగింది, "ఇవి నువ్వే చేసుకుంటున్నావా అమ్మా?" అని. తిట్టకుండా అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ కుర్చీలోనే భోరున ఏడ్చాను. ఆవిడే మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. ఇది జబ్బేనట. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారట. ఇంటికొచ్చి ఆయనకి చెప్తే, "ఓస్ ఇంతేనా! మానేస్తే పోలా" అన్నారు. మానేస్తే పోయేదైతే పన్నెండేళ్లు ఎందుకుంటుందండీ అని అడగాలనిపించింది.

గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటున్నాను. వేలికొసలకి ప్లాస్టర్ చుట్టుకుంటున్నాను. చెయ్యి బయల్దేరిందని తెలియగానే పిడికిలి బిగించి నిమిషం ఆగాలి. చేతులకి పని ఉంటే మంచిదన్నారని ఈ వేసవిలో వీధంతటి చింతపండూ నేనే గింజలు తీశాను. సింధూరి ఎంత మంచిదో అని పక్కింటివాళ్లు మురిసిపోతున్నారు, పాపం. పక్కు పీకకుండా ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. చెయ్యి ఎప్పుడెప్పుడు వెళ్లబోయిందో ఒక పుస్తకంలో రాయమన్నారు. పేపర్లో ఎంసెట్ ర్యాంకుల ఫొటోలు వేసిన రోజున పంతొమ్మిది సార్లు ఉంది. "ఆ రోజు ఎందుకమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. ముందు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారండీ అన్నాను.

నువ్వు వన్ టౌన్‌లో మగ్గం వర్కు చేస్తున్నావని రూతు చెప్పింది. రోజంతా వంగి కూచుని జాకెట్లకి పూసలు కుడతావట. స్టెతస్కోపు పట్టాల్సిన చేతులు సూది పట్టాయంటే దానికి కారణం నేను. ఆ రోజు మెస్‌లో ఒక్క నిజం చెప్పి ఉంటే నువ్వివాళ డాక్టరువి. క్షమించమని అడగను. కడుపారా తిట్టు. "అయ్యుండొచ్చు" అని మాత్రం అనకు, ఆ మాట ఇంక మొయ్యలేను.

నీ
సింధు

వన్ టౌన్,
19 జూన్ 2006.

ఒసేయ్ సింధూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి ఒళ్లు మండింది. మూడోసారి చదివాక రెండు రోజులు మగ్గం ముందు కూచోలేకపోయాను.

మంట సంగతి ముందు చెప్పనీ. సూది పట్టడం అంత ఘోరమటే? నా దగ్గర నలుగురు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. పెళ్లిళ్ల రోజుల్లో మీ పటమటవాళ్లే కార్లేసుకుని వచ్చి, "ఆఫ్రీన్ గారూ, ఎట్లాగైనా గురువారానికి ఇవ్వండి" అని బతిమాలతారు. నేను నెమలి కుడితే మా ఆయన అష్ఫాక్ "గింజలు చల్లనా?" అని ఏడిపిస్తాడు. కళ్లు లాగుతాయి, నడుం పీకుతుంది, నిజమే. అయినా ఈ పని నాకిష్టం. జాలిపడే పని పెట్టుకోకు.

ఇప్పుడు అసలుది. కూచుని చదువు. ఆ మే నెలలో నాకు ఆటలమ్మ పోయలేదు.

నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. అసలు రానేలేదు. సెలవులకి బందరు వెళ్లాక పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవి. హాస్టల్లో ఉండగానే మొదలైంది అది. అన్నం సయించేది కాదు, తిన్నది బాత్‌రూములో కక్కేసేదాన్ని. బందరులో తన సైకిల్ షాపుకి వచ్చిన ప్రతివాడికీ అబ్బా "మా అమ్మాయి డాక్టరు" అని అప్పటికే చెప్పేశారు. పరీక్ష రెండు రోజులుందనగా అమ్మీ ఒళ్లో తలపెట్టి, "అమ్మీ, నేను రాయలేను, చచ్చిపోతాను" అన్నాను. పొద్దున్నే అమ్మీ వేపమండ విరిచి గుమ్మానికి కట్టేసింది. "పిల్లకి పోసింది, మీరు లోపలికి రావద్దు" అని అబ్బాతో చెప్పింది. పాపం ఆయన తొమ్మిది రోజులు వసారాలోనే పడుకుని, కిటికీలోంచి కొబ్బరిబోండాలు అందించారు. ఆటలమ్మ అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరని నువ్వు రాశావు చూడు, మా అమ్మీకి కూడా అది తెలుసు.

నీ ఇన్‌లాండ్ లెటర్ అబ్బా చేతికి వచ్చింది, ఆయన చదివే నాకిచ్చారు. జవాబూ ఆయనే డబ్బాలో వేశారు. అందుకే నిజం రాయలేకపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ "నీ వల్ల కాదులేవే" అని రాస్తే ఎవరు కాదన్నారు? రాయలేదు. మళ్లీ పరీక్ష ఎందుకు కట్టవని అందరూ అడుగుతుంటే, ఇంకొకళ్ల వల్ల నా చదువు పోయిందని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఇదీ నా మంచితనం.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నీవి ఆటలమ్మ మచ్చలు కాదని మొదటి నెల్లోనే నాకు తెలుసు. పక్క మంచమే కదటే. శౌరమ్మగారు నీ చెయ్యి తిప్పి చూస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. నీ గుట్టు కాపాడుతున్నాననుకున్నాను. ఎవరో ఒకరు వెళ్లాలి, అది నేను కాకపోతే చాలని కూడా అనుకున్నాను. భుజాల మీదికి పాకిందని రాశావే, ఆ మచ్చలు నా కార్డు పెట్టినవి.

అబ్బా పోయి మూడేళ్లు. ఆయనకి చివరిదాకా చెప్పలేదు. నీకైనా చెప్పాను. అల్లా నన్నేం చేస్తాడో గానీ, నువ్వు మాత్రం ఏం చేసినా పడతాను.

ఆఫ్రీన్

పటమట,
27 జూన్ 2006.

ఆఫ్రీన్,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎనిమిదేళ్లే! 'కాదు' అని రాయడానికి రెండక్షరాలు. చదువుతూ చదువుతూ ఉండగానే చెయ్యి మెడ వెనక్కి పోయింది. పిడికిలి బిగించాలని కూడా తోచలేదు. ఉత్తరం అయిపోయేసరికి వేళ్లకి రక్తం. యాభై రోజులు నిలబెట్టుకున్నది ఒక్క మధ్యాహ్నంలో పోయింది. డాక్టరుగారికి చూపిస్తే, "ఇన్నాళ్లు ఆగగలిగావుగా, అదెక్కడికీ పోదు, మళ్లీ మొదలుపెట్టు" అన్నారు. మొదలుపెట్టాను. నాలుగు రోజులు నిన్ను నోరారా తిట్టుకున్నాను. నువ్వు నా తప్పు తీసేస్తే తేలికపడాలి కదా, అదీ లేదు. ఇన్నేళ్లూ పట్టుకు వేలాడినదాన్ని ఎవరో లాక్కున్నట్టుంది.

ఐదో రోజున, ఆ ఏప్రిల్లో నీ మొహం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని కూచున్నాను. గుర్తురావడం లేదు. ఎంతసేపు కూచున్నా రాలేదు. తిన్నది కక్కేసేదాన్నన్నావు. రోజూ మూడుపూటలా నా పక్కనే కూచుని తిన్నావు. అక్షరాలు కదిలేవన్నావు. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే లైటు. నువ్వు నా మచ్చల సంగతి నెలరోజుల్లో కనిపెట్టావు. నేను నీ భయాన్ని ఏడాదికి కూడా కనిపెట్టలేదు. స్లీవు జరిగిందేమో, రక్తం అంటిందేమో, ఎవరు చూశారో, ఇదే నా ధ్యాస. ఇంకో మనిషిని చూడటానికి నా దగ్గర కళ్లు మిగల్లేదు. నిన్ను 'డాక్టర్ ఆఫ్రీన్' అని అందరికంటే గట్టిగా పిలిచింది కూడా నేనే. ఆ పిలుపు విన్నాకే నువ్వు బాత్‌రూముకి పోయేదానివేమో. అసలు నీకు డాక్టరీ ఇష్టమేనా అని ఒక్కరోజు కూడా అడగలేదు.

మొన్న అన్ని పేజీలు క్షమాపణ రాశానా, అడగాల్సిన క్షమాపణ ఇది. ఇది అందులో లేదు.

ఆదివారం వస్తున్నాను. ముందు నిన్ను తిడతాను, పడు. ఆ తర్వాత ఆ ఏప్రిల్ సంగతంతా మొదట్నుంచీ నువ్వు చెప్పు. నేను నీ మొహంకేసే చూస్తూ వింటాను.

సింధు