అక్క వైపు తవ్విన గది

ఫిబ్రవరి 9, 1961
నాకు ఏడో నెల. ఇవాళ మా ఆయన అన్సెల్మో వెనకగోడకి పలుగు పెట్టాడు. మా గ్వాదిష్ ఊళ్లో కొండని తొలిచినవే ఇళ్లన్నీ. బిడ్డ పుట్టాక ఇంకో గది తొలుస్తారు, ముందు తొలిస్తే అరిష్టం. పోయినసారి తొందరపడి తవ్వించాను. గది మిగిలింది, బిడ్డ మిగల్లేదు.
వద్దని మొత్తుకుంటే, ఇది బిడ్డకి కాదే, స్టోర్‌రూమ్ అంటాడు. మా ఇంట్లో ఉన్నది ఒక పంది తొడ, నాలుగు ఉల్లిపాయలు.

ఫిబ్రవరి 10
భయంగా ఉంది.

ఫిబ్రవరి 13
బయట మంచు. లోపల దుప్పటి కూడా అక్కర్లేదు. స్పెయిన్ రాజుగారి మనుషులకి భయపడి మూర్లు, అంటే ఆ కాలపు ముస్లింలు, దాక్కోడానికి తవ్వుకున్న ఇళ్లట ఇవి, అమ్మమ్మ చెప్పేది. మా పక్కింట్లోంచి కొత్త ఫ్లాట్‌కి పోయిన కసిల్దా జలుబుతో చస్తోంది. బాగా అయింది.
కొండకి అటువైపు ఇల్లు మా అక్క ఆంగుస్తియాస్‌ది. ఊళ్లో సగం పురుళ్లు ఆవిడే పోసింది. బిడ్డని పూడ్చి మూడు రోజులు కాకుండానే, తవ్వొద్దంటే విన్నావా, చేతులారా చేసుకున్నావు అంది. నా గడప తొక్కొద్దన్నాను. చచ్చినా తొక్కనంది. ఐదేళ్లయింది.
ఈసారి అక్క లేకుండా కనలేను. ఈ పుస్తకంలో రాసేశాను. నోటితో మాత్రం చెప్పను.

ఫిబ్రవరి 21, సాయంత్రం 5
గోడ పగిలింది. అవతల అక్క వంటగది. అక్క చేతిలో గరిటె.
అన్సెల్మో టోపీ తీసి, పొరపాటైంది వదినా, గురి తప్పింది అన్నాడు. మూడు తరాల తవ్వకం పనివాడు. మట్టి మీద చెవి పెట్టి అవతల ఏముందో చెప్పే మనిషి. గురి తప్పిందట, మహానుభావుడికి.
పలుగు చప్పుడు పది రోజులుగా వింటూనే ఉన్నానంది అక్క. మరి ఒక్క కేక వెయ్యొచ్చుగా అన్నాడు. ఆపేస్తావేమోనని అంది.
నేను మంచం మీద కూలబడి ఏడ్చాను. అక్క కన్నంలోంచి తల పెట్టి, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందే, నా నోరు పడిపోను అంది. నీ గడప మాత్రం తొక్కలేదు చూడు అని కూడా అంది. ఎక్కడికి పోతుంది బుద్ధి.

మార్చి 2
కన్నంలోంచి రోజూ వెల్లుల్లి సూప్ వస్తోంది. ఉప్పు ఎక్కువైందన్నాను. గిన్నె లాక్కుంది.

ఏప్రిల్ 17, పొద్దున 7
నొప్పులు. అక్క కన్నంలో నడుం దగ్గర ఇరుక్కుంది. అన్సెల్మో పలుగుతో అంచులు చెక్కుతున్నాడు. అక్క అతన్ని తిడుతూనే, నీకు రాతలేమిటే, పుస్తకం అవతల పారేసి ఊపిరి పీల్చమంటోంది.

ఏప్రిల్ 19
ఆడపిల్ల. రెండిళ్లలోనూ ఎవరికీ నిద్ర లేదు.