తీసేయమన్న దీపాన్ని ఉంచమని

అక్టోబరు 24. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలిలో కొద్దిగా చలి. ఉదయం డాబా మీది నీళ్ల ట్యాంకు కడిగి, చేతులు ఆరాక ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

వీధిదీపాల విభాగం ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి మలుపులోని ఎత్తు స్తంభపు దీపాన్ని తొలగించమని నేను పెట్టుకున్న అర్జీని నేనే వెనక్కి తీసుకొనుట, సదరు దీపాన్ని యథాస్థానంలో ఉంచమని కోరుట గురించి.

తమరు ఇది చదివి విసుక్కున్నా తప్పు లేదు. ఆ దీపం తీయించడానికి వానాకాలమంతా తమ ఆఫీసు మెట్లు అరగదీసినవాణ్ణి నేనే. అయినను ఈ దిగువ అంశాలు పరిశీలించ ప్రార్థన.

1. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. నా భార్య బట్టలు కుట్టేది. పని కట్టేశాక ఇద్దరం డాబా ఎక్కి కాసేపు ఆకాశం చూడటం పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. మా దగ్గర దుర్భిణి లాంటిదేమీ లేదు. ఆమె రోజూ ఒకే వేళకు, ఒకే చోట కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎదురుగా బట్టలారేసే తీగ. గ్రహం ఆ తీగకు ఎక్కడ ఎదురుగా కనిపిస్తే అక్కడ క్లిప్పు పెట్టమంటుంది. "ఇంకొంచెం కుడికి... ఆఁ, చాలు." కొన్నాళ్లకు క్లిప్పులు వరసగా కుడివైపు నడిచి ఉంటాయి. చంద్రుడు మాత్రం ఎదురు నడుస్తాడు, ఎడమకు, గబగబా. ఆయనకు క్లిప్పులు చాలవని ఆమె నవ్వేది.

2. ఏడాదిగా ఆమె చూపు తగ్గుతోంది. కంటినరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పారు. ఈ శరత్కాలంలో శని, గురుడు ఇద్దరూ సాయంత్రమే పైకొస్తారు కనుక, ఈ ఒక్కసారి తనివితీరా చూపించాలనుకున్నాను. సరిగ్గా ఆ వైపే తమ శాఖవారు దీపం నిలబెట్టారు. ఆ పక్క ఆకాశమంతా తెల్లబోయింది.

3. అందువల్ల మొదటి అర్జీ. ఆఫీసులో గుమస్తా గారు దాన్ని పక్క బల్లలవాళ్లకు చదివి వినిపించారు.

"ఊరంతా లైటు పెట్టమని కొట్లాడుతుంటే ఈయనకి చీకటి కావాలట. శని కనపడట్లేదట. శని పట్టిందని ఏడ్చేవాళ్లని చూశాను గానీ, తప్పిపోయిందని వెతుక్కునేవాళ్లని ఇదే చూడటం."

"చూసేది మా ఆవిడండి. కళ్లు పోతున్నాయి," అన్నాను.

ఆ తరవాత ఆయన నవ్వలేదు. కాగితాన్ని తమ బల్ల మీద అన్నిటికంటే పైన పెట్టింది ఆయనే. తమరు స్వయంగా మా డాబా ఎక్కి చూసి, దీపాన్ని వెనక వీధికి మార్చమని ఉత్తర్వు ఇచ్చారు. పని వచ్చే సోమవారం. ఆ మేలు నేను మరిచిపోలేదు.

4. ఉత్తర్వు వచ్చిందని ఇంటికెళ్లి ఆమెకు చెప్పాను. సోమవారం దాకా ఆగాలని చెప్పలేదు. ఉత్తర్వు వస్తే పని అయిపోయినట్టేనని ఆమె అనుకుంది, ఆఫీసు వ్యవహారాలు ఎరగని మనిషి. ఆ సాయంత్రం డాబా మీద కూర్చుని చాలాసేపు వెతికి, చివరకు దీపం వైపు చెయ్యి చూపింది.

"తీసేశారండీ. గురుడొచ్చాడు చూడండి, ఎంత బుల్లిగా ఉన్నాడో."

డాబా అంతా పట్టపగల్లా ఉంది. మా ఇద్దరి నీడలూ వెనక గోడ మీద నల్లగా పడుతున్నాయి. అంత వెలుగులోంచి ఆమె కంటికి చేరేది ఒక్క చుక్కేనని నాకు అప్పుడు తెలిసింది.

"మాట్లాడరేంటి? కనపళ్లేదా మీకు?"

"కనపడుతున్నాడు."

"అయితే క్లిప్పు పెట్టండి మరి."

పెట్టాను.

5. దీపం కదలదు. క్లిప్పులన్నీ ఒకే చోట గుమిగూడితే ఆమె వేళ్లతో తడిమి పట్టేస్తుంది. అందుచేత రోజూ ఆమె పైకి రాకముందే కుర్చీని కాస్త కుడివైపు జరుపుతున్నాను. కుర్చీ జరిగితే తీగకు ఎదురుగా దీపమూ కుడికి జరిగినట్టు ఉంటుంది. "ఈ ఏడు బాగా నడుస్తున్నాడండీ," అంటుంది. డాబా వెడల్పు వేసవి దాకా సరిపోతుందో లేదో కొలుచుకున్నాను. సరిపోతుంది.

6. మొన్న చంద్రుడు గురుడి పక్కకు వస్తాడని పేపర్లో వేశారు. రోజూ చదివినట్టే ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేశాను. సాయంత్రం చంద్రుడు ఆమెకు తడిసిన దూదిలా కనిపించాడట. దీపం ఆయనకు చాలా దూరంగా, కిందికి ఉంది. ఆమె తల అటూ ఇటూ తిప్పి రెండింటినీ చూసింది.

"పేపరువాళ్లు తప్పేశారండీ. పక్కపక్కన ఎక్కడున్నారు? ఆయనో మూల, ఈయనో మూల."

"తప్పే పడి ఉంటుంది."

"రాసేవాళ్లు తలెత్తి చూస్తే కదా."

ఆమె కిందికి దిగాక, దీపాన్ని అరచేత్తో అడ్డుకుని చూశాను. గురుడు చంద్రుణ్ణి ఆనుకునే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆమెకు చెప్పకుండా నేనొక్కణ్ణే చూసింది అదే. చూడకుండా దిగిపోయి ఉండాల్సింది.

7. కావున మనవి చేయునదేమనగా, దీపాన్ని శాశ్వతంగా ఉంచమని కోరడం లేదు. వెనక వీధివారికీ వెలుగు కావాలి, కాదనను. ఎండలు ముదిరేసరికి గురుడు పడమటికి దిగి సాయంత్రాలు కనపడకుండా పోతాడు. అది ఆమెకూ తెలుసు. అప్పుడు తీయించండి. వెళ్లే వేళకే వెళ్లాడని అనుకుంటుంది. ఉన్న కాస్త చూపూ పోవడానికి డాక్టరు చెప్పిన గడువు కూడా ఇంచుమించు అదే. ఆ తరవాత అక్కడ దీపం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఒకసారి ఎక్కి చూసిన డాబాయే కనుక, ఇందులోని నిజానిజాలు తమరే చిత్తగించి, సోమవారం పని నిలుపుదల చేయించవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు,
కుట్టుమిషన్ల మెకానిక్,
మలుపు దగ్గరి మేడ, పై వాటా.

తాజాకలం: పని ఆపడం తమ చేతుల్లో కూడా లేకపోతే, మబ్బు పట్టిన రోజు దాకా ఆగి తీయమని తమ మనుషులకు చెప్పండి, అంతే చాలు. ఆ సాయంత్రం మబ్బు చాటున ఉన్నాడని చెబుతాను. మర్నాడు అడిగితే ఇంకా విడవలేదంటాను. ఆ మర్నాడు కూడా అడిగితే...