మధ్యలో నూనె

తిరుత్తణి,
ఆడి కృత్తిక మరునాడు, 1936.

ప్రియమైన చెల్లెలు సుందరవల్లికి అన్న ధనకోటి ఆశీస్సులు. వాటి వెంట నా కోపం కూడా.

మీ ఊళ్ళో పవర్ హౌస్ లేచిందని, బావ దండపాణి అందులో సూపర్‌వైజర్ అయినాడని సంతోషించినంతసేపు పట్టలేదు, మీ వీధి పెద్ద వెంకటపతి మామ గొడవ చెవిన పడింది. అంటరానివాళ్ళని ఊరి బయట పెట్టిన ఆ చేరికి పోయే తీగ తన వీధికి రాగూడదట! కరెంటుకు అంటట! మనుషులకు అంటగట్టింది చాలక కంటికి కనబడనిదానికీ అంటగడతారా? చేరి మీదుగా వచ్చిన గాలి మామ ముక్కులోకి పోవడం లేదా? ఆ చేరి మంత్రసాని చెంగమ్మ నీ బిడ్డను భూమ్మీదికి దించి, చీకట్లో ఇంటికి పోతూ గుంటలో పడి కర్ర పట్టుకు నడుస్తోంది. ఆమె వీధికి దీపం రాకపోతే మీది పవర్ హౌస్ కాదు, పెద్ద పొయ్యి. శుక్రవారం వచ్చి సభ పెడతాను.

మండుతున్న నీ అన్న,
ధనకోటి

తిరువళ్ళూరు.

అన్నయ్యకు నమస్కారాలు.

రావద్దు. పోయినసారి నీ సభకు వచ్చిన నలుగురిలో ఇద్దరం నేనూ మీ బావా. మామ కోర్టుకు పోతానంటున్నాడు. కంపెనీవాళ్ళు చేరి తీగ ఆపేద్దామంటున్నారు. అందుకని, చేరిలో నిలబెట్టిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో ఏముందని మీ బావను అడిగాను. రెండు తీగచుట్లట, ఒకదాన్నొకటి తాకవట, చుట్టూ నూనెట. నేరుగా మామ వాకిలికి పోయినాను.

"మామా, ఈ పక్క తీగ ఆ పక్క తీగను తాకనే తాకదు. మధ్యలో నూనె."

"తాకకుంటే కరెంటు యాడనుంచి వస్తాదమ్మా?"

"అది మా ఆయనే చెప్పలేకపోయినాడు. తాకదన్నది మాత్రం ప్రమాణం."

మామ మీసం నిమిరి, "అట్లయితే మడిగానే ఉండాది" అన్నాడు. పెట్టెకు టెంకాయ తానే కొడతాడట.

నీ వల్లి

తిరుత్తణి.

వల్లీ!

ఎంత పని చేసినావు! ఇన్నేళ్ళుగా నేను పీకుతున్న కలుపును పెట్టెలో పెట్టి నూనె పోసి పెంచినావే! దీపం వస్తే చాలా? అది ఏ బుద్ధితో వెలిగిందో అక్కర్లేదా? కరపత్రాల కట్ట పంపుతున్నాను. మామ తలుపు కింద తొయ్యి. బావతో నాకు మాటల్లేవు.

ఇకమీదట నీకు ఉత్తరం రాయని,
అన్న

తిరువళ్ళూరు.

ఉత్తరం రాయని అన్నయ్యకు, రాసే చెల్లెలు.

నేను అబద్ధం ఆడలేదు. తాకవన్నది నిజం. మిగతాది మామ సొంతంగా అనుకున్నాడు.

నిన్న సాయంత్రం మామ టెంకాయ పట్టుకుని బయల్దేరినాడు. పెట్టె ఉన్నది చేరిలో గనక చేరిలోకే అడుగు పెట్టాలన్న సంగతి చేరి మొగన నిలబడ్డాక గాని తట్టలేదు. వెనక్కి పోతే పరువు పోతుంది. పంచె ఎత్తిపట్టుకుని వచ్చినాడు. టెంకాయ పగిలింది, నీళ్ళు చిందినవి, మామ కాలు జారి బురదలో కూర్చున్నాడు. వెంట వచ్చిన పెద్దలు తమ పంచెలు చూసుకుంటూ నిలబడ్డారు. చెంగమ్మ కర్రను ఒక చేత, మామను ఒక చేత పట్టి ఒక్క లాగు లాగింది.

"నన్ను తాకినావే!"

"నీ ముగ్గురు కొడుకుల్నీ ఈ చేత్తోనే గదా సామీ బయటికి లాగినాను. వాళ్ళు తేలిగ్గా వచ్చినారు."

చేరంతా నవ్వింది. మామ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. మధ్యలో నూనె లేదు అన్నయ్యా.

అప్పుడే మీ బావ స్విచ్చి వేసినాడు. చెంగమ్మ వాకిట్లో దీపం వెలిగింది.

నీ కట్ట అందింది. బురద తుడుచుకొమ్మని మామకు ఒక కరపత్రం ఇచ్చాను. ఆ దీపం కిందే నిలబడి, తుడుచుకోకుండా, చివరిదాకా చదివినాడు. "బాగానే రాసినాడు మీ అన్న. ఇంత కోపమెందుకమ్మా మనిషికి?" అన్నాడు.

దీనికి బదులు చెప్పడం నాకు చేత కాదు. నువ్వే వచ్చి చెప్పు.

నీ వల్లి