ట్యాంకరు లేని పరుగు

పామిడి, 1985 ఎండాకాలం, మంగళవారం రాత్రి

ఈ రాత్రి రాయకుండానే పడుకుందామనుకున్నాను. పరిగెత్తడానికి బద్ధకించేవాడికి రాసే ఓపిక మాత్రం ఎక్కడిది?

చక్కెర జబ్బు ముదిరితే కాలికే ముప్పని డాక్టరు భయపెట్టి, రోజూ పొద్దున్నే మెల్లగా పరిగెత్తమన్నాడు. మా వైపు ఊరికే ఎవరు పరిగెత్తుతారు? మా నాయన జన్మలో ఒక్కసారే పరిగెత్తాడు, కళ్లంలో ఆరబోసిన వేరుశెనగ కాయల మీద చినుకులు పడినప్పుడు. ఆయన చేరేలోపే ఆ వానా ఆగిపోయింది.

ఈ పొద్దున కూడా మనసొప్పలేదు. వీధి మలుపు దాకా పరిగెత్తి తిరిగొచ్చేద్దామని బయలుదేరాను. వెనకాల బిందెల చప్పుడు. చూస్తే పక్కింటి నరసమ్మ, ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు. వాళ్లు ఉరుకుతుంటే నిలబడడానికి సిగ్గేసి, నీళ్ల ట్యాంకరు ఆగే చోటి దాకా పరిగెత్తాను.

"ట్యాంకరు యాడన్నా?" అంది నరసమ్మ రొప్పుతూ.

"ట్యాంకరు లేదమ్మా. చక్కెర జబ్బుకు ఉరుకుతాండా."

"నీ జబ్బు పాడుగాను! నువ్వు ఉరుకుతాంటే నీళ్లొచ్చినాయనుకోని పొయ్యి మీద సంగటి ఇడిసిపెట్టి వస్తి గదన్నా!"

అందరూ నవ్వారు. ఖాళీ బిందెలతో వాళ్లు తిరిగిపోతుంటే నాకు నవ్వు రాలేదు. మానేస్తే నా కాలు, పరిగెత్తితే వీళ్ల ఆశ... సాయంత్రం దాకా తేలలేదు.

దీపాలు పెట్టే వేళకు నరసమ్మ వచ్చింది. "ఇంగ నిన్ను చూసి మేం రాములే. ఎట్లాగూ ఉరుకుతావు గదన్నా, నా బిందె ఎత్తుకపోయి ఆడ వరసలో పెట్టు."

బిందె గడప దగ్గర దించి ఆమె వెళ్లిపోయింది. బిందెను చెప్పుల పక్కన పెట్టి తలుపు వేశాను.