వాగు దగ్గర తియ్యకుండా వదిలిన ఉచ్చు

హోసియా అన్నయ్యకు,

చెల్లెలు జెమైమా నమస్కారాలు. ఇక్కడ పిల్లాపెద్దా అందరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. టిమ్మిన్స్ పట్నంలో నువ్వూ ఫీబీ వదినా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

కుక్కల గురించి అడిగావు. రెండూ బాగా తింటున్నాయి. నదిలో మంచు కదిలింది, పెద్దబాతులు దిగాయి. నీ పడవ అడుగున చీలిక పూడ్పించాను.

అడవిలో కుందేళ్ళు బాగా తగ్గిపోయాయి. పరిశోధన కోసం లెనా, నేనూ రేడియో మెడపట్టీలు కట్టిన ఇరవై లింక్స్ అడవిపిల్లుల్లో తొమ్మిదే మిగిలాయి. ఐదు ఆకలికి పోయాయి, రెండింటిని తోడేళ్ళు చంపాయి, మూడు వేట సీజన్లో మనవాళ్ళ ఉచ్చుల్లో పడ్డాయి. పదకొండోది నీకు తెలిసిందే, వాగు దగ్గర ఉచ్చులో చచ్చింది.

నీ ఉత్తరంలో చివరి మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను. "డాక్టరు జ్ఞాపకశక్తికి పరీక్షలు రాశాడు. ఆ ఉచ్చు పెట్టినట్టే నాకు గుర్తు లేదు. ఇంకా ఏమేం మర్చిపోయానో నువ్వేమైనా చూశావా?" అని అడిగావు.

అన్నయ్యా, ఆ ఉచ్చు నాది.

సీజన్ ఆఖరి రోజు మోకాళ్ళు లాగేస్తుంటే వాగు దాకా వెళ్ళకుండానే తిరిగొచ్చాను. అన్నీ తీసేశానని అందరికీ చెప్పాను. మూడు వారాల తర్వాత నేనూ లెనా వెళ్ళి చూసేసరికి పిల్లి చర్మం కుళ్ళిపోయింది, మాంసం కాకుల పాలైంది. "ఎవరిదిది?" అంది లెనా. సీజన్ అయ్యాక ఉచ్చులు తియ్యాలని ఊరి ఆడవాళ్ళకు నేర్పేదాన్ని నేనే. నోట్లోంచి "మా అన్నయ్యది" అని వచ్చేసింది.

ఊరి హాల్లో జరిగిన సభలో ఇసాయా బాబాయి నిన్ను పట్టుకుని, "ఏరా, అప్పుడే మతి పోయిందా? తినకుండా, తోలు వాడకుండా ఒక ప్రాణాన్ని కుళ్ళబెట్టావు కదరా!" అన్నాడు. నువ్వు టోపీ తీసి, "మర్చిపోయుంటాను బాబాయ్" అన్నావు. నీ వెనకే నిలబడి టీ పోస్తున్నాను నేను. ఆ మాట పడలేక నువ్వు అడవి వదిలి వెళ్ళిన రోజు నీ సామాను కట్టింది కూడా నేనే.

నిన్న అదే హాల్లో లేచి నిజం చెప్పాను. ఇసాయా బాబాయి, "వాడు ఊరొదిలి పోయేదాకా నీ నోరేమైందే?" అన్నాడు. లెనా ఆ పిల్లి చావు రాసిన కాగితంలో నీ పేరు కొట్టేసి నా పేరు రాసింది. రేపటి నుంచి పనికి రావద్దంది. న్యాయమే.

నన్ను క్షమించమని ఇప్పుడే అడగను. ఈ ఉత్తరం ఆ డాక్టరుకు వదిన చేత చదివించు. నువ్వేదీ మర్చిపోలేదు అన్నయ్యా. పెట్టని ఉచ్చు ఎవరికి గుర్తుంటుంది?

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని చెల్లెలు,
జెమైమా